కథకుడు పోతే దళం

బుర్రకథ చూసి పెరిగినవాళ్లకు దళం కొత్త కాదు. నడుమ తంబురా భుజానేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కున్న కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒకరు నవ్విస్తారు, ఒకరు రాజకీయం దట్టిస్తారు. మరి ఆ నడుమ మనిషే పోతే?

రాక్ బ్యాండ్లదీ ఇదే చిక్కు. ఆస్ట్రేలియా బృందం ఏసీ డీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయాడు. వయసు 33. గిటార్లు వాయించే అన్నదమ్ములు మాల్కం, ఆంగస్ యంగ్ ఇక చాలిద్దామనుకున్నారు. కానీ బ్రయాన్ జాన్సన్ అనే ఇంగ్లండు గాయకుణ్ణి తెచ్చుకుని, జూలైకల్లా 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ విడుదల చేశారు. సంతాపంగా అట్టంతా నలుపే. మొదటి పాటకు ముందు గంట ఒకటి నింపాదిగా మోగుతుంది, ఆ తర్వాతే గిటారు. కొత్తాయన పాత గొంతును అనుకరించలేదు. నన్నడిగితే బృందాన్ని నిలబెట్టింది అదే.

మన బుర్రకథ పితామహుడు, పద్మశ్రీ షేక్ నాజర్ 1997లో కన్నుమూశారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయనతో పోలేదు. కుమారుడు బాబూజీ తంబురా అందుకున్నారు. అసలు వంత పాడినవాడికి కథంతా నోటికొస్తుంది, తాళం చేతిలోనే ఉంటుంది.

మీ దగ్గర్లో ఎక్కడైనా బుర్రకథ పెడితే ముందు వరసలో కూర్చోండి. ఈసారి నడుమ ఉన్నాయన్ని కాదు, గుమ్మెట పట్టుకున్నవాళ్లను చూడండి.