ఊరు విడిచిన జట్టు



కేంద్ర ప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త సంగతి కాదు. ఉత్తరువు వచ్చినంతనే సామానులు కట్టుకొని, పిల్లల బడి మార్పించి, తెలియని ఊరిలో ఇల్లు వెదకుకొనును. అయినను ఆతని ఇంటిపేరు మారదు. ఇంట పలుకు భాష మారదు. ఉగాదినాడు పచ్చడి మానడు. కాని ఒక ఫుట్‌బాల్ జట్టుకు బదిలీ అయినచో ఏమి మిగులును? 2025 అక్టోబరులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు దాల్చినపుడు ఈ ప్రశ్న తెలుగువారి ఎదుట నిలిచినది. ఆరేండ్ల జీవితములో ఆ జట్టు అట్టడుగు స్థానమును, ఆపై దేశమున అత్యున్నత విజయమును, మరల అట్టడుగును చూచినది. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ నిన్న మొన్న వచ్చిన ఆట కాదు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు ఢిల్లీకి వచ్చి, మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచెను. 1950 నుండి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా అయిదుమార్లు అదే జట్టు గైకొనెను. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసిన వాడు. ఆటను కూడ పాఠము వలెనే బోధించెను. బంతిని కాలివద్ద నిలుపుకొనక వెంటనే అందించు పద్ధతిని అలవరచుటకును, బలహీనమైన పాదమునకు బలము తెచ్చుటకును ప్రత్యేకముగా పోటీలు పెట్టించెడివాడు.

భారత జట్టుకు కూడ ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకము పొందెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము దక్కెను. ఆ జట్టులో సికింద్రాబాదు యువకుడు తులసీదాస్ బలరాం మొదలుగా జంట నగరముల ఆటగాండ్రు పలువురు కలరు. 1962లో, వ్యాధిగ్రస్తుడై యుండియు, రహీం జకార్తాకు జట్టును తీసికొనిపోయెను. దక్షిణ కొరియాపై 2–1తో మరల స్వర్ణము లభించెను. మరుసటి సంవత్సరము జూనులో ఆయన కన్నుమూసిరి. ఆ పోలీసు జట్టు ఒక శాఖ ఆదరణపైనను, ఒక గురువు దీక్షపైనను నిలిచినది. గురువు పోయిన పిదప, ఆదరణ తగ్గిన పిదప, ఆ వెలుగు క్రమముగా మసకబారెను.

వృత్తి క్రీడాకారుల యుగము వేరు. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనపుడు అందు హైదరాబాదు లేదు. 2019లో పూణె నగరపు క్లబ్బు మూతపడగా, దాని స్థానములో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడెను. అనగా ఈ జట్టు పుట్టుటయే వేరొక ఊరి నష్టమునుండి. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణము దాని స్వస్థానమయ్యెను. తొలి ఆటలోనే కలకత్తాలో 0–5తో ఓడెను. ఆ సంవత్సరము 18 ఆటలలో రెండే విజయములు. పది జట్లలో పదవ స్థానము.

2020లో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చెను. పేరుపొందిన వారిని కొనుటకంటె చిన్నవయస్సు భారతీయ ఆటగాండ్రకు అవకాశమిచ్చుట ఆయన మార్గము. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటివారు ఆయన చేతిలో రాణించిరి. మొదటి ఏట జట్టు అయిదవ స్థానమునకు ఎగబ్రాకెను. 2021–22లో పట్టికలో రెండవదిగా నిలిచెను. నైజీరియా దేశీయుడు బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోలులు చేసి లీగు మొత్తములో ప్రథముడయ్యెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో తుది పోటీ. 68వ నిమిషమున కేరళ గోలు చేసెను. ఆట ముగియనున్న తరుణమున, 88వ నిమిషములో, సాహిల్ తవోరా దానిని సరిచేసెను. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాదు 3–1తో విజేత అయ్యెను.

ఇచట గమనింపదగిన విషయము ఒకటి కలదు. కోవిడ్ కారణమున ఆ రెండు సంవత్సరముల ఆటలును గోవాలోనే జరిగినవి. జట్టు పైకెక్కిన మెట్లలో ఒక్కటియు సొంత ఊరి మైదానములో లేదు. ఊరి పేరు ధరించిన జట్టు గెలిచినది. ఊరు దానిని దూరమునుండి తెరపై చూచినది. మైదానపు మెట్లపై కూర్చుండి, ఎండకు ఓర్చి, ఓటమిలో తిట్టుకొని, మరుసటి వారము మరల వచ్చు జనము ఏర్పడకముందే బహుమతి వచ్చెను.

2022–23లో జట్టు తిరిగి గచ్చిబౌలిలో ఆడి, 42 పాయింట్లతో మరల రెండవ స్థానము పొంది, సెమీఫైనలులో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలతో ఓడెను. అదే శిఖరము. ఆ పిదప మార్కెజ్ గోవా క్లబ్బుకు వెడలెను. ఆటగాండ్రకు చెల్లవలసిన జీతములు నిలిచినవి. బాకీల కారణమున క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధము విధించెను. 2023–24 నడుమ ప్రముఖులు ఒక్కరొక్కరుగా వెడలిపోగా, శేషించిన పిన్నవారితో జట్టు 22 ఆటలలో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో చివర నిలిచెను. నెల మొదటి తేదీన జీతము రాకున్న ఇల్లెట్లుండునో ఉద్యోగుల సభకు వివరింప నక్కరలేదు. అయినను ఆ కుర్రవారు ప్రతి ఆటకును మైదానములో దిగిరి. 2024లో యాజమాన్యము మారెను. 2024–25లో 13 జట్లలో 12వ స్థానము. 2025లో ఊరి మార్పు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము కలకత్తాలో కలదు. మోహన్ బగాన్ 1889లో పుట్టినది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ దళపు జట్టును 2–1తో ఓడించి షీల్డు గెలిచినది. 2020లో దాని ఫుట్‌బాల్ జట్టు ఒక కంపెనీ జట్టుతో కలిసి, పేరుకు ముందు మూడక్షరములు చేరినవి. అభిమానులు ఊరకుండలేదు, వీధులలోను, మైదానములోను నిరసన తెలిపిరి. 2023లో ఆ అక్షరములు తొలగినవి. అచట కూడ ధనము యజమానిదే. కాని పేరు జనులది. హైదరాబాదు జట్టు పేరు పోయినపుడు దానిని ఆపగల సభ్యత్వము, తరతరముల అలవాటు ఊరికి లేకపోయెను.

అయినను నిరాశకు తావులేదు. హైదరాబాదుకే చెందిన శ్రీనిధి దక్కన్ జట్టు 2022–23లోను, 2023–24లోను ఐ-లీగులో రెండవ స్థానము పొందినది. ఆడు కాళ్లకు ఆ నేలపై కొరత లేదు. కొరత అంతయు ఆటను తమదిగా ఎంచి పట్టి నిలుపు సంఘమునకే.

దూరదేశమున నెలనెల చందా వేసికొని నడుపుకొను తెలుగు సంఘములు ఈ మర్మము నెరిగినవే. కార్యదర్శికి బదిలీ అగును; అధ్యక్షుడు పదవీవిరమణ చేయును; అద్దె గది మారును. మరుసటి ఉగాదికి సంఘము మాత్రము ఉండును, ఏలయన అది ఏ ఒక్కరి ఆస్తియు కాదు. క్లబ్బు అనిన మాటకు అర్థమును అదియే. రహీం శిష్యుల ఊరిలో రేపు మరియొక జట్టు లేచినచో, దాని పుస్తకములో యజమాని సంతకము క్రింద వేలకొలది సభ్యుల పేర్లు కూడ ఉండవలెను. అపుడు ఏ ఉత్తరువును ఆ జట్టును ఊరు విడిపింపజాలదు.