గట్టుమీది తాడి



రజతోత్సవ సభలో గ్రంథములను విడిచి తాటిచెట్టును గూర్చి మాటలాడుటేమని మీకు దోపవచ్చును. అచ్చుయంత్రము రాకమునుపు మన గ్రంథములు చాలవరకు తాటియాకులపైననే యుండెడివి. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమందు నన్నయభట్టారకుడు ఆరంభించిన భారతము వందలయేండ్లు ఆ యాకులమీదనే నడచి వచ్చినది. ఆకును పదునుచేసి, గంటముతో వ్రాసి, మసి పూసినచో అక్షరములు తేలెడివి. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయమున నేటికిని తాళపత్రములు గలవు. అయితే ఆకును పురుగు తినును, చెమ్మకు చివుకును. పాతప్రతి శిథిలము గాకమునుపే ప్రతి తరమునందును ఎవరో యొకరు క్రొత్తప్రతి వ్రాయుటచేతనే గ్రంథము నిలిచినది.

చెట్టు సంగతియు నంతియే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన డెల్టా భూములు వరిమళ్ళాయెను. వరికి నీడ గిట్టదు. తాడికి నీడయు కొంచెమే, కావలసిన జాగాయు కొంచెమే; కనుక గట్టుమీద నిలిచినది. దూలము ఇంటికి, కమ్మ కప్పునకు, ముంజలు వేసవికి, తేగలు చలికాలమునకు అక్కరకు వచ్చినవి. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలినవి. తాడి గాలికి అంత సులువుగా లొంగదు. అజమాయిషీకి పోయినపుడు “ఫలానా తాడికి తూర్పున” అన్నచో సరిహద్దు తెలిసెడిది.

ఇక జమాఖర్చు చూడుడు. చేపలచెరువులకై గట్లు పోయినపుడు తాళ్ళు పోయినవి. బాటలు వెడల్పుచేసినపుడు పోయినవి. ఇటుకబట్టీలకు పోయినవి. ఖర్చుపద్దు నిండినది, జమపద్దున ఏమున్నది? పూర్వము రాలిన పండు టెంక గట్టుననే మొలచెడిది. నేడు దొరికిన టెంకలన్నియు పాతరవేసి తేగలుగా తినుచున్నాము. తేగ యనగా పుట్టబోవు తాడియే. తినవలదనుట లేదు, పదింట నొకటి గట్టునకు విడువుడనుచున్నాను.

తాడిమొలక ముందుగా నేలలోతునకు దిగును. దానిని పెరికి మరియొకచోట నాటుట కష్టము. కావున చెట్టు నిలువవలసిన చోటనే టెంకను పాతవలెను. పోతో పెంటియో పూతవరకు తెలియదు గనుక ఒక్కటి చాలదు. కాపునకు పదునైదేండ్లో, అంతకు మించియో పట్టును.

శ్రావణ భాద్రపదములలో పండ్లు రాలునపుడు ప్రతి చందాదారుడును ఐదేసి టెంకలు తన గట్టున పాతవలెనని నా ప్రార్థన. మన గ్రంథాలయ స్వర్ణోత్సవము నాటికి వాని ముంజలు పిల్లలు తినగలరు. పాతినవానికి అవి దక్కకపోవచ్చును. తాళపత్రమున ప్రతి వ్రాసిన లేఖకుడును, దానిని చదువబోవువారెవరో యెరుగకయే వ్రాసెను.

సెలవు.