పన్ను జివ్వుమంటే పీకించుకోవడమేనా?

(గోల్‌మురిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



చల్లని నీరు తగిలితే పన్ను జివ్వుమంటున్నదని వచ్చేవారిలో చాలామంది, "పీకేయండి డాక్టరుగారూ, మళ్ళీ సెలవు దొరకదు" అంటారు. ఆ ఇబ్బంది నేనెరుగనిది కాదు. అయినా ఆ తొందర వలన కలిగే నష్టం గురించే చెప్పదలచాను.

1920లో స్థాపించిన టిన్‌ప్లేట్ కర్మాగారం ప్రక్కన నివసించే మీకు తగరపు పూత సంగతి చెప్పనక్కరలేదు. పూత గీసుకుపోయిన చోటనే ఉక్కు రేకు తుప్పు పడుతుంది. పంటి మీది పింగాణి పొర కూడా ఒక రక్షణ కవచమే; అరిగితే మరల పెరగదు. దాని క్రింది డెంటిన్‌లో కంటికానని సన్నని గొట్టాలు వేలకొలది ఉన్నవి. చలికో పులుపుకో వాటిలోని ద్రవం కదలితే లోపలి నరం ఉలికిపడుతుంది. చిగురు జారి పంటి మొదలు బయటపడినా ఇదే బాధ. బొగ్గుపొడితో బలంగా తోమడం, గుడాకు రుద్దడం ఇందుకు దారితీస్తవి. పళ్ళపొడులలో, పేస్టులలో పొగాకును ప్రభుత్వం 1992లోనే నిషేధించినా గుడాకు మన బస్తీలను వదలలేదు.

చాలామంది గమనించని కారణం మరొకటి: పై పళ్ళు, క్రింది పళ్ళు కలిసే తీరు. నిద్రలో పళ్ళు కొరికినా, పంటిలో నింపిన సిమెంటు ఎత్తుగా ఉన్నా కొన్ని పళ్ళ మీదనే భారం పడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన పేస్టు రాసి ఏమి లాభం? రంగు కాగితం కొరికించి, ఎత్తైన చోట కొద్దిగా అరగదీయడం కొన్ని నిమిషాల పని. నిద్రలో కొరికేవారికి రాత్రిపూట పెట్టుకొనే తొడుగు చేసి ఇస్తాము. పన్ను పీకించి ఖాళీ వదిలితే ప్రక్క పళ్ళు అందులోకి ఒరుగుతవి, ఎదుటి పన్ను పొడుచుకువస్తుంది, నమలడమే కష్టమవుతుంది.

చల్లదనం పోగానే బాధ పోతుంటే సాధారణంగా మెత్తని బ్రష్షు, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు చాలును; అయితే కొన్ని వారాలు విడువక వాడాలి. నాలుగు రోజులు వాడి మానినవారే పేస్టును తిడతారు! బాధ చాలాసేపు నిలిచినా, నిద్ర లేపినా, వాపు వచ్చినా ఆలస్యం తగదు. అప్పటికీ రూట్ కెనాల్ చేసి అనేక పళ్ళను నిలబెట్టవచ్చును.

రైల్వే సోదరులకు తమ వైద్య గుర్తింపు కార్డు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించని తపాలా ఉద్యోగులకు 1944 నాటి వైద్య నియమావళి ఉన్నది. ఏ చికిత్సకు ఖర్చు చెల్లిస్తారో ముందే కార్యాలయంలో విచారించండి. ఏ పన్ను, ఏ వేళ, దేనికి జివ్వుమంటున్నదో చీటీ మీద వ్రాసి తీసుకురండి.