రాసినవారి పేరు రాయండి

పట్టభద్రులైన మీ అందరికీ నా మనఃపూర్వక అభినందనలు.

మన జిల్లాలోని జువ్వలదిన్నె నుంచి వేటకు వెళ్లేవాళ్లు ముందు ఆరా తీసేది సముద్రం ఎలా ఉందనే. మన తీరానికి ఆ కబురు అందించేది హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. చేపలు ఎక్కువగా దొరికే చోట్లు రేవు నుంచి ఏ దిక్కున ఉన్నాయో, ఎన్ని కిలోమీటర్ల దూరమో, అక్కడ నీళ్ల లోతెంతో కూడా అది చెబుతుంది. అలల ఎత్తు అంచనాకు అక్కడ వాడే ప్రోగ్రాముల్లో వేవ్‌వాచ్-3 ఒకటి. తుపాను ఉప్పెన అంచనాకు అడ్‌సర్క్ వాడతారు. మొదటిదానికి పునాది వేసినవారు హెండ్రిక్ టోల్మన్. రెండోది రిక్ లూటిక్, యోహానెస్ వెస్టరింక్ చేతుల్లో పుట్టింది. మన శాస్త్రవేత్తలు వాటిని మళ్లీ మొదటి నుంచి రాయలేదు. ఉన్నవాటిని తీసుకుని మన తీరానికి తగినట్టు మలచుకున్నారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను మరిచిపోని తీరానికి ఆ పని విలువేమిటో నేను చెప్పనక్కర్లేదు.

అందుకే మీకు నా మొదటి మాట: కోడ్ రాయడానికి కూర్చునే ముందు వెతకండి. మీ రంగంలోని పరిశోధన వ్యాసాల్లో పద్ధతులు వివరించిన భాగం చదవండి. గిట్‌హబ్, జెనోడో, సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ వంటి కోడ్ భాండాగారాలు గాలించండి. దొరికినదాన్ని గుడ్డిగా నమ్మకండి. లైసెన్సు ఏమంటోందో చూడండి, జవాబు తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి పరీక్షించండి. తప్పు కనబడితే సరిదిద్ది, రాసినవాళ్లకే పంపండి.

రెండో మాట: వాడుకున్నప్పుడు ప్రోగ్రాము పేరు, రాసినవారి పేర్లు, వెర్షన్ సంఖ్య, డీఓఐ (శాశ్వత డిజిటల్ గుర్తింపు) మీ వ్యాసంలోని ఆధారాల జాబితాలో రాయండి. వెర్షన్ తెలియకపోతే మీ ఫలితాన్ని ఇంకొకరు సరిచూడలేరు. పేర్లు లేకపోతే, ఏళ్ల తరబడి ఆ కోడ్‌ను కాపాడుతున్నవాళ్ల శ్రమ ఉద్యోగాల దగ్గర, నిధుల దగ్గర లెక్కలోకే రాదు. సాఫ్ట్‌వేర్ కూడా పరిశోధన ఫలితమేనని, వ్యాసంతో సమానంగా దాన్ని ఉదహరించాలని 2016లో ఫోర్స్11 బృందం ప్రకటించిన సూత్రాల్లో మొదటిదే చెబుతోంది.

మీ ప్రాజెక్టు కోడ్ ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. లైసెన్సు జతచేసి, చేయి వేసిన ప్రతి ఒక్కరి పేరూ రాసి, అందరికీ అందేచోట పెట్టండి. రేపు ఏ ఊరి విద్యార్థికో అది అవసరపడుతుంది. వెతికితే దొరకాలి, వాడుకోవడానికి అనుమతి ఉండాలి, ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో తెలియాలి. ఆ ఏర్పాటు చేసి వెళ్లమని మిమ్మల్ని కోరుతున్నాను.