గడ్డ చుట్టూ చేరిన కణాలు

ఇందాకే పట్టా అందుకున్న యువ డాక్టర్లందరికీ నా అభినందనలు.

నేను పాథాలజిస్టును. రోగి ముఖం నాకు అరుదుగా కనిపిస్తుంది. పేగులోంచి తీసిన ముక్క మాత్రం రోజూ కనిపిస్తుంది. అందుకే పెద్దపేగు క్యాన్సర్ గురించి, ఆ ముక్కలో ఏం చూడాలో మాకు నేర్పినవాళ్ల గురించి మాట్లాడతాను.

1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో బట్టలు కుట్టి బతికే ఒకావిడ తన దిగులు ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకు చెప్పుకుంది. మా ఇంట్లో పేగులోనో కడుపులోనో గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి పోతున్నారు, నేనూ అలాగే పోతాను అని. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆమె బంధువులందరి వివరాలూ సేకరించి 1913లో ప్రచురించాడు. ఆవిడ చివరికి గర్భాశయ క్యాన్సర్‌తోనే పోయింది. ఆ తర్వాత ఒమాహాలో హెన్రీ లించ్ అలాంటి కుటుంబాల్ని ఏళ్ల తరబడి వెతికాడు. ఇది వంశపారంపర్యమంటే చాలామంది నమ్మలేదు. 1993 మొదలు దానికి కారణమైన జన్యువులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దే జన్యువులవి.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి రండి. గడ్డ ముక్క మీద ఆ జన్యువులు తయారుచేసే నాలుగు ప్రోటీన్ల కోసం రంగు వేస్తాం: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. ప్రోటీన్ ఉన్న కణకేంద్రకం గోధుమరంగులోకి మారుతుంది, లేనిది నీలంగా ఉండిపోతుంది. గడ్డ అంతా నీలంగా ఉన్నా వెంటనే రిపోర్టు రాయకూడదు. రంగే సరిగా పట్టలేదేమో చూసుకోవాలి. అందుకు గడ్డ మధ్యలో, అంచుల్లో ఉన్న లింఫోసైట్లను చూస్తాం. అవి గోధుమరంగులో ఉంటే పరీక్ష సరైనదే. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. నా పరీక్షకు సాక్ష్యం చెబుతున్న ఆ లింఫోసైట్లే అక్కడ క్యాన్సర్‌తో పోరాడుతున్నవి కూడా. తప్పులు దిద్దుకోలేని గడ్డలో వింత ప్రోటీన్లు పుట్టుకొస్తాయి, టీ కణాలనే లింఫోసైట్లు వాటిని పరాయివిగా గుర్తుపట్టి గుంపుగా చేరతాయి.

అలా చేరిన కణాలకు విలువ ఎంతో పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం 2006లో చూపించింది. గడ్డ మధ్యలోనూ అంచులోనూ టీ కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో లెక్కిస్తే, రోగి భవిష్యత్తు గురించి అది ఎంతో చెబుతుందని తేలింది. క్యాన్సర్ ఎంత దూరం పాకిందన్నదే అప్పటిదాకా మనకు ప్రధానమైన కొలత. శరీరం ఎలా ఎదిరిస్తోందన్నది దాని పక్కన చేరింది.

మరి అన్ని టీ కణాలున్నా గడ్డ ఎలా పెరిగింది? వాటి మీద పీడీ-1 అనే కళ్లెం ఉంది. 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం దాన్ని కనిపెట్టింది, 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ కళ్లెం వదులు చేసే మందు ఈ రకం గడ్డల మీదే బాగా పనిచేస్తుందని 2015లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చూపారు. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఆండ్రియా సెర్సెక్ బృందం ఈ రకం పురీషనాళ క్యాన్సర్ ఉన్న 12 మందికి ఆరు నెలలు అలాంటి మందే అయిన డోస్టార్లిమాబ్ ఇచ్చింది. 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. 2025 నాటికి ఆ సంఖ్య 49, ఫలితం అదే. పురీషనాళం తీసేయక్కర్లేదు, పొట్ట మీద సంచి కట్టుకోనక్కర్లేదు, రేడియేషన్ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల మనిషికి దాని అర్థమేమిటో సర్జరీ వార్డులో పనిచేసిన మీకు నేను చెప్పాలా?

కానీ పెద్దపేగు క్యాన్సర్లలో ఇలాంటివి నూటికి దాదాపు 15. వేరే అవయవాలకు పాకిన దశలోనైతే సుమారు 5. మిగతావారికి ఈ మందు ఒంటరిగా దాదాపు ఏమీ చేయలేకపోతోంది. వారికి ఇప్పటికీ ప్రధానంగా కీమోయే ఆధారం. అందులో ఫ్లోరోయురాసిల్‌కు తోడుగా ఎక్కించే ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందిన మందు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. టీ కణాలు తొంగిచూడని గడ్డల్లోకి వాటిని ఎలా రప్పించాలన్న ప్రశ్న మీ తరం ముందుంది. మీలో పరిశోధనకు వెళ్లేవాళ్లు దాన్ని పట్టుకోవాలని నా కోరిక.

ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. మన ఊళ్లలో మలంలో రక్తం పడితే మొలలే అనుకుంటారు. ఆపరేషన్ లేకుండా నయం చేస్తామన్న బోర్డు చూసి వెళ్లి, నెలలు గడిచాక మన దగ్గరికి వస్తారు. వయసు చిన్నదని మీరూ మొలలనే రాసి పంపకండి. గ్లౌజు తొడుక్కుని వేలితో పరీక్ష చేయండి. కింది భాగంలో పుట్టిన గడ్డ వేలికి తగులుతుంది. అవసరమైతే కొలనోస్కోపీకి పంపండి. బయాప్సీలో క్యాన్సర్ తేలితే ఆ నాలుగు ప్రోటీన్ల పరీక్ష అడగండి.

ప్రోటీన్ లేదని వచ్చిన ప్రతి కేసూ వంశపారంపర్యం కాదు, ఎక్కువ శాతం పెద్ద వయసులో వచ్చే మార్పులే. జన్యుపరీక్షలో లించ్ సిండ్రోమ్ అని తేలితే మాత్రం తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కొక్కరికి ఆ జన్యులోపం ఉండటానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. వాళ్లకు ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తే పాలిప్‌ను గడ్డ కాకముందే తీసేయవచ్చు. అయితే మన ఇళ్లలో ఈ మాట బయటికి రాదు, పిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోతాయని దాస్తారు. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. తలుపు వేసి, రోగిని, ఆయన చెల్లెల్ని, పెద్దకొడుకును కూర్చోబెట్టి, వాళ్ల ప్రశ్నలు అయిపోయేదాకా ఉండండి.