కార్ఖానా కట్టే ముందు

 



మన మస్జిదులో ఎప్పుడూ మొదటి వరుసలోనే కూర్చునే పెద్దలు కొందరున్నారు. అధిక పుణ్యం ఆశించి ముందుకు వస్తున్నారని మేము చాలాకాలం అనుకున్నాము. వెనుక కూర్చుంటే వారికి ఖుత్బా వినిపించదని తరువాత తెలిసింది. సిరిసిల్ల సాంచాల మధ్య పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు గడిపిన చెవులవి. రేకుల కప్పు కింద, పూటకు పన్నెండు గంటలు, నాడె ఇటూ అటూ కొట్టుకునే చప్పుడులో అరిగిపోయిన చెవులు.

ఈ మాట నేడెందుకు ఎత్తవలసి వచ్చిందంటే, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మన సోదరులు కొందరు కోనరావుపేటలో కార్ఖానా కట్టదలచారు. సంతోషం. పునాదికి దుఆ చేయమని మా వద్దకు వచ్చారు. ముందు నక్షా చూపించమన్నాము. అందులో సాంచాలకూ, భీములకూ, నూలు బస్తాలకూ అంగుళాలతో సహా స్థలం కేటాయించి ఉంది. మనిషికి మాత్రం లేదు.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్‌లో కూలికి కుదిరిన ఉదంతం ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉన్నది. ఆయనను పనిలో పెట్టుకున్న ఆ వృద్ధుడు గడువు చెప్పి ఊరుకోలేదు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని ఒప్పందంలోనే మాట ఇచ్చాడు. కూలి ఎంత అన్నదానితోపాటు కష్టం ఎంత అన్నదీ ఒప్పందంలో భాగమేనని మాకు దీనివలన బోధపడుతున్నది. మన చేతికింద పనిచేసేవారు మన సోదరులని, మోయలేని భారం వారిపై మోపరాదని, మోపితే స్వయంగా సాయపడాలని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల వేడి భారం కాదా?

సోదరులారా, ఆ భారంలో సగం ఇల్లు కట్టే మేస్త్రీ దించగలడు. పాతకాలపు బట్టల మిల్లులకు రంపపు పళ్ల వంటి కప్పు వేసి, అద్దాలను ఉత్తరానికి తిప్పేవారు. వెలుతురు వస్తుంది, ఎండ రాదు. కప్పు ఎత్తు పెంచి, పైన వేడిగాలి పోయే దారి విడిచి, పడమటి గోడకు వేపచెట్ల నీడ ఇస్తే లోపలి మనిషి ఊపిరి పీల్చగలడు. సాంచా కింద రబ్బరు దిమ్మె వేస్తే నేల అదురు తగ్గుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఒక్కో కార్మికునికి 14.2 ఘనమీటర్ల చోటు ఉండాలన్నది, 4.2 మీటర్లకు పైనున్న ఎత్తును ఆ లెక్కలో చేర్చరాదన్నది. నిలబడి పనిచేసేవారికి వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటు, త్రాగునీరు, ముప్ఫై మందికి మించి స్త్రీలుంటే పసిపిల్లలకు గది కూడా అడిగింది. పెద్దూరు అపెరల్ పార్కులో మిషన్ల ముందు కూర్చునే మన ఆడపడుచులకు ఆ గది విలువ తెలుసు. కరెంటుతో నడిచే కార్ఖానాలో పదిమంది కంటే తక్కువుంటే ఆ చట్టం సాధారణంగా మన గడప తొక్కేది కాదు. అల్లాహ్ విచారణకు అటువంటి మినహాయింపు లేదు.

ఇక తలుపుల సంగతి. 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. నిప్పు కావాలనే పెట్టారని తరువాత న్యాయస్థానం తేల్చింది. నిప్పు ఎవరు పెట్టినా, తలుపులకు తాళాలు, కిటికీలకు ఇనుప కమ్ములు ఉన్నాయి కదా! భద్రంగా ఉన్నదని ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే ప్రమాణపత్రం కూడా దక్కింది. మరుసటి ఏడు ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రానా ప్లాజా కూలి 1,134 మంది అసువులు బాశారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. అయినా మర్నాడు పనికి రమ్మన్నారు. రమ్మన్నవారిలోనూ, వెళ్లినవారిలోనూ కలిమా చదివినవారే అధికం. ఈ మాట పలుకుతుంటే మాకు సిగ్గుగా ఉన్నది.

మదీనాలో మస్జిదె నబవీ కట్టేటప్పుడు దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఇటుకలు మోశారు. ఇల్లూ వాకిలీ లేని పేదలకు ఆ మస్జిదులోనే సుఫ్ఫా అనే నీడ దొరికింది. మన నక్షాలోనూ ఒక మూల నాలుగు చాపలు పట్టే చోటు, వుజూకు కుళాయి ఉండనివ్వండి. జుహర్ వేళ నమాజు చేసేవారు చేస్తారు, మన పద్మశాలి అన్నలు నడుము వాలుస్తారు.

నమాజు ముగిసిన పిమ్మట ఆ సోదరులు నక్షాతో వరండాలో ఆగవలసిందిగా కోరుతున్నాము. మొదటి వరుసలోని పెద్దలు కూడా ఆగండి. సాంచాకూ సాంచాకూ నడుమ ఎంత ఎడం కావాలో, కిటికీ ఎక్కడుండాలో మీరే చెప్పాలి. మేము కాస్త గట్టిగా మాట్లాడుతాము.