చంటిబిడ్డకు నలుగురిలో పాలివ్వడం తప్పా?

(సంఘ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగం)



ఇది సభలో మాట్లాడే విషయమేనా అని మా వారే సందేహపడ్డారు. పోయినేడు ఇదే వార్షికోత్సవంలో కళ్ళారా చూశాను గనుక మాట్లాడక తప్పడం లేదు. మూడు నెలల బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే ముందు వరుసలోంచి ఎవరో "బయటికి తీసుకుపో అమ్మా" అన్నారు. ఆ తల్లి వెళ్ళి మరుగుదొడ్డి పక్కనున్న మెట్లమీద గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. భోజనాల వేళ దాకా లోపలికి రాలేదు. మనలో ఎవరమైనా అక్కడ కూర్చుని అన్నం తింటామా?

ఒకరిని అనేముందు నా తప్పు చెప్పుకుంటాను. పన్నెండేళ్ళ కిందట కోడలితో, నాలుగు నెలల మనవరాలితో ఒక పెళ్ళికి బస్సులో బయల్దేరాం. మంచి ఎండాకాలం. "దారిలో నలుగురిలో ఏమిస్తావు, సీసా పెట్టుకో" అని పోతపాలు కలిపించింది నేనే. దిష్టి తగులుతుందని కూడా అన్నాను. ఆరు గంటల ప్రయాణంలో ఆ పాలు ఏమయ్యాయో వేరే చెప్పాలా! అక్కడ నికాహ్ జరుగుతున్న వేళకు మేము ఆసుపత్రిలో సెలైన్ సీసా కింద కూర్చున్నాం. ఇటు కోడలికి పాలు గడ్డకట్టి జ్వరం. అల్లాహ్ దయవల్ల బిడ్డ దక్కింది. కోడలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

డాక్టరమ్మ అప్పుడు వివరంగా చెప్పింది. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయట. సిగ్గుపడి పూటపూటా తప్పిస్తే రొమ్ములు గడ్డకడతాయి, పోనుపోను పాలే తగ్గిపోతాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదనీ, ఆ తర్వాత తిండితోపాటు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ రెండేళ్ళ మాట మనకు కొత్తదా? సూరె బఖరా 233వ ఆయతులో ఉన్నదే కదా.

కొందరు పరదా మాట ఎత్తుతారు. దుపట్టా చాటున బిడ్డ తల కూడా కనబడదు, ఇక పరదాకు వచ్చిన లోటేమిటి? మహాప్రవక్త (స) నమాజు చేయిస్తూండగా పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి తల్లడిల్లుతుందని నమాజును క్లుప్తం చేసేవారని బుఖారీ హదీసులో ఉంది. అంటే తల్లులు చంటిబిడ్డలతో మసీదుకు వచ్చేవారన్నమాటే గదా! అక్కడ నమాజే చిన్నదయింది. మనం ఉపన్యాసాలు కాస్త చిన్నవి చేసుకోలేమా? (నాది కూడా కలిపే చెబుతున్నాను.)

నాట్లు వేసే కూలితల్లి గట్టుమీద కూర్చుని పాలిస్తే మన ఊళ్ళల్లో ఎవరూ తల తిప్పి చూడరు. నాలుగక్షరాలు వచ్చి, సీసా కొనే స్తోమత వచ్చిన మనకే ఈ బిడియం ముదిరింది. 2018లో కేరళలో గృహలక్ష్మి పత్రిక పాలిచ్చే స్త్రీ బొమ్మ అట్టమీద వేస్తే కోర్టుదాకా పోయారు. అశ్లీలమేమీ లేదని హైకోర్టు తేల్చింది. తమిళనాడులో 2015లోనే 352 బస్టాండ్లలో తల్లులకు గదులు తెరిచారు. 2025లో సుప్రీంకోర్టు కూడా, నలుగురిలో పాలివ్వడాన్ని చిన్నచూపు చూడరాదనీ, బహిరంగ ప్రదేశాల్లో తల్లులకు వసతి ఉండాలనీ చెప్పింది.

కార్యవర్గానికి ఒక్క మనవి. ఈ హాలులో వంటశాల పక్కన విరిగిన కుర్చీలు పేర్చిన గది ఒకటుంది. నిన్న వెళ్ళి చూశాను. కిటికీ బాగానే ఉంది, ఫ్యాను తిరగడం లేదు, గడియ బయటివైపే ఉంది. దాన్ని లోపలికి మార్పించి, రెండు మంచి కుర్చీలు, ఒక చాప, మంచినీళ్ళ కూజా పెట్టిస్తే చాలు. ఫ్యాను ఖర్చు నేను పెట్టుకుంటాను. అయితే గది ఉంది కదా అని తల్లులను అందులోకి తరమకండి. దుపట్టా కప్పుకుని ఇక్కడే కూర్చుని పాలిస్తానన్న పిల్లను ఇక్కడే కూర్చోనివ్వండి. పోయినేడు మెట్లమీద కూర్చున్న ఆ తల్లి ఈసారి సభకు రాలేదు. ఎవరి కోడలో తెలిసినవాళ్ళు సభ అయ్యాక నాకు చెప్పండి, నేనే వెళ్ళి పిలుచుకొస్తాను.